ఆదివారం ఆచారిగారి శిష్యులు

వృత్తి ప్లైవుడ్ బాట పట్టింది. చేతిపని మాత్రం సెలవు రోజున వసారాల్లోకి వచ్చి చేరుతోంది. పామర్రు చుట్టుపక్కల సరదాకి ఉలి పట్టేవాళ్ల ఆదివారంపై ప్రత్యేక కథనం.

పామర్రులో వడ్రంగి కొట్టుకి ఆదివారం సెలవు ఉండదు. సెలవు అమావాస్యకి. ఆ రోజు ఉలీ రంపం ముట్టకపోవడం పాతకాలం నుంచీ వస్తున్న పట్టింపు. బడిపంతులికి, బ్యాంకు ఉద్యోగికి, సచివాలయంలో పనిచేసే కుర్రాడికి తీరిక దొరికేది మాత్రం ఆదివారమే. ఈ రెండు సెలవులూ కలవకపోవడమే సరదాకి కొయ్యపని చేసేవాళ్లకి కలిసొచ్చింది. వాళ్లకి ఖాళీ దొరికిన రోజున కొట్టు తెరిచే ఉంటుంది. ఆచారిగారు పనిలోనే ఉంటారు. పొద్దున్నే వెళ్లి పక్కన కూర్చుని చూడొచ్చు, అడగొచ్చు, మధ్యాహ్నం ఇంటికొచ్చి వసారాలో చేసి చూసుకోవచ్చు. ఆదివారమూ అమావాస్యా ఒకే రోజు పడితే ఆ వారం పాఠం లేనట్టే.

పామర్రు అనగానే కూడలి గుర్తొస్తుంది. విజయవాడ నుంచి బందరు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. గుడివాడ, భీమవరం వైపు సాగే 165వ నంబరు రహదారి ఇక్కడే మొదలవుతుంది. ఇంకో దారి కూచిపూడి, చల్లపల్లి దాటి అవనిగడ్డకీ, అక్కణ్ణుంచి దివిసీమలోకీ దిగుతుంది. చుట్టూ వరి చేలు, కాలవలు, గట్ల మీద చెట్లు. బస్సు మారడానికి దిగినవాళ్లకి కనిపించేది టీకొట్లూ ఆటోలే. రెండు సందులు లోపలికి నడిస్తే రంపపు పొట్టు వాసన వస్తుంది.

సెలవు రోజు వడ్రంగులకి ఇక్కడ సంఘం లేదు, బోర్డు లేదు, నెలవారీ సమావేశాలూ లేవు. వీధికొకరు కూడా ఉండరు. కానీ ఏ కొట్టుకెళ్లి అడిగినా, ‘మా దగ్గరికీ ఒకాయన వస్తూంటారండీ’ అనే మాట వినపడుతుంది. వాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు. ఇంటి వెనక షెడ్డు ఖాళీ. చిన్నప్పుడు నాన్న నాగలి చెక్కించుకోవడానికి వెళ్తే తోడుగా వెళ్లి గంటల తరబడి బాడిశ దెబ్బలు చూసిన తరం అది. అప్పుడు తాకనివ్వని పనిముట్టుని ఇప్పుడు సొంతంగా కొనుక్కున్నారు.

కలప ఎక్కడిది?

సరదా పనికి కొత్త టేకు కొంటే చేతి చమురు వదులుతుంది. అందుకని వీళ్ల దారులు వేరు. మొదటిది అడితి. కోత మిల్లులో దూలాలూ గుమ్మాలూ కోయగా మిగిలిన అంచులు, పొట్టి ముక్కలు ఓ మూల పోగుపడి ఉంటాయి. మిల్లువాళ్లకి అవి పొయ్యిలోకి పోయే సరుకు, వీళ్లకి అవే పీటకాళ్లు, గరిటెలు.

రెండోది కూలుతున్న ఇల్లు. డెల్టా పల్లెల్లో పాత పెంకుటిళ్లు తీసేసి డాబాలు వేయడం ఏళ్ల తరబడి సాగుతోంది. ఇల్లు విప్పినప్పుడు పెంకుల కంటే ముందు బేరం కుదిరేది కలపకే. వాసాలు, దూలాలు, తలుపు రెక్కలు, కిటికీ చట్రాలు లారీ ఎక్కుతాయి. వాటిలో ఏ విరిగిన రెక్కో, చెద తగిలిన గుమ్మమో మిగిలితే సెలవు రోజు వడ్రంగి దాన్ని ఇంటికి మోసుకొస్తాడు. మేకులు పీకి, మీది పొర చిత్రిక పట్టేసరికి లోపల్నించి చేవ బయటపడుతుంది. తరాల పాటు ఎండలో వానలో ఆరిన చెక్క అది. కొత్తగా కోసిన చెక్కలా వంకరపోయే రకం కాదు.

మూడోది పడిపోయిన చెట్టు. ఈ సీమకి గాలివాన కొత్తేమీ కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ఊళ్లకు ఊళ్లే పోయాయి. వేలమంది ప్రాణాలు కోల్పోయిన ఆ రాత్రి ముందు చెట్ల లెక్క ఎవరికీ గుర్తుండదు. ఆ తర్వాత 1990 మేలో వచ్చిన తుపానూ, 2013 నవంబరులో హెలెన్ పేరుతో వచ్చినదీ మచిలీపట్నం దరిదాపుల్లోనే తీరం దాటాయి. అంత పెద్దవి కాకపోయినా ఏటా ఏదో ఒక వాయుగుండం ఓ వేపనో నిద్రగన్నేరునో పడగొట్టి పోతుంది. పడిన మానులో మంచి భాగం అడిగి తెచ్చుకునేవాళ్లు ఉంటారు. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే మాత్రం 2002 నాటి వాల్టా చట్టం నిబంధనలు చూసుకోవాల్సిందే.

చెట్టుని బట్టి పని. నల్లతుమ్మ గట్టిది, బరువైనది. ఎడ్లబండికీ నాగలికీ అదే వాడేవారు. ఇప్పుడు సుత్తి పిడికి, కొడవలి పిడికి బాగుంటుంది. వేపకి పురుగు తొందరగా పట్టదని పెట్టెలకి వాడతారు. పనస చెక్క పసుపు రంగులో మెత్తగా తెగుతుంది. నూజివీడు వీణలకీ, మృదంగాలకీ ఆ కలపే ఎంచుకుంటారు. కాలవ గట్ల మీద పెరిగే గంగరావి చేవ ఎర్రగా, నున్నగా వస్తుంది, గిన్నెలకీ గరిటెలకీ దాన్ని మించింది లేదు. తాడి దారి వేరు. మిగతా చెట్లకి నడుమ చేవ ఉంటే, తాడికి బలమంతా పైవలయంలో ఉంటుంది, నడుమ మెత్తన. పాతకాలపువాళ్లు మానుని నిలువునా చీల్చి, మెత్తని భాగం చెక్కేసి, పైభాగాన్నే దూలాలకీ వాసాలకీ వాడింది అందుకే. తోపడా పెట్టగానే నల్లని నారలు పైకి లేచి వేళ్లలో గుచ్చుకుంటాయి కనక కొత్తవాళ్లు తాడి జోలికి పోరు.

కొట్టులో పొద్దున్న

పాఠం పనితో మొదలు కాదు, పదునుతో మొదలవుతుంది. ఉలి అంచు ఏటవాలు 25 డిగ్రీల దగ్గర ఉంటే మెత్తని చెక్కకి సరిపోతుంది. తుమ్మలాంటి గట్టి చెక్కకి 30 దాకా పెంచుకుంటే అంచు విరగదు. ఆచారిగారికి ఈ డిగ్రీల లెక్క అక్కర్లేదు. రాయి మీద ఉలి ఆనించినప్పుడు ఏటవాలు మొత్తం రాయికి అంటుకున్నదీ లేనిదీ ఆయన వేళ్లకి తెలుస్తుంది. రిటైరైన లెక్కల మాస్టారికి అదే అంతుపట్టదు. ఆయన మొదట కోణమానిని తెచ్చుకున్నారు.

‘మాస్టారూ, ఆ ప్లాస్టిక్ ముక్క పక్కన పెట్టండి. ఉలిని నొక్కకండి, రాయి మీద నడవనివ్వండి చాలు.’

‘నడిపిస్తూనే ఉన్నానయ్యా, అంచు మాత్రం గుండ్రంగా వస్తోంది.’

‘మోచేయి లేపుతున్నారండీ. మీ బళ్లో పిల్లలకి గీత వంకరపోతే ఏమనేవారో అదే నేనూ అంటున్నా.’

పదును తర్వాత నార. చెక్కలో నార ఎటు పోతోందో చూసి, ఆ వాటాన తోపడా తోస్తే పొట్టు రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుని లేస్తుంది. ఎదురు తోస్తే చెక్క పెచ్చులు లేచిపోతుంది. చేతిని చెక్క మీద రెండు వైపులా నిమిరి చూడటం, పక్క అంచున గీతలు ఎటు ఏటవాలుగా ఉన్నాయో చూడటం, కణుపు దగ్గర నార దిశ మారుతుందని గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ నాలుగైదు ఆదివారాల్లో తలకెక్కుతాయి. చేతికి రావడానికి ఇంకా కాలం పడుతుంది.

కూర్చునే తీరులోనూ తేడా ఉంది. పాత పద్ధతిలో వడ్రంగి నేల మీద కూర్చుని, చెక్కని పాదాల మధ్య బిగించి పట్టి పని చేస్తాడు. బల్ల లేదు, బిగింపు లేదు, కాలి వేళ్లే బిగింపు. అరవై దాటిన మోకాళ్లకి అది సాధ్యం కాదు. అందుకే వీళ్లలో చాలామందికి మొదటి పెద్ద పని సొంత బల్లే. నాలుగు లావుపాటి కాళ్లు, మీద మందపాటి పలక, ఓ పక్క ఇనప వైసు. బల్ల కదలకపోతే సగం పని అయినట్టే.

వసారాలో మధ్యాహ్నం

ఇంట్లో చేసే పనులకి పండగలే పంచాంగం. సంక్రాంతి ముందు బొమ్మల కొలువు మెట్లు, అదీ పండగయ్యాక మడిచి అటక మీద పెట్టగలిగేలా. వేసవిలో మనవలు వస్తారు కనక ఊయల బల్ల, వామనగుంటల పీట, బుడిబుడి నడకల వాడికి మూడు చక్రాల బండి. ఏడాది పొడుగునా పీటలు, కవ్వాలు, అప్పడాల కర్రలు, కత్తిపీట చెక్కలు. వినాయక చవితి ముందు పాలవెల్లి.

పాలవెల్లి చూడ్డానికి చిన్న పని. విఘ్నేశ్వరుడి మీద వేలాడదీసే చతురస్రపు చట్రం, అడ్డంగా నిలువుగా పుల్లలు. బజార్లో అమ్మేవాటిలో పుల్ల మీద పుల్ల పెట్టి సన్న మేకు కొడతారు. ఒక పండక్కి చాలు. చేతిపని నేర్చుకున్నవాడు అలా ఊరుకోడు. రెండడుగుల చట్రం, లోపల అడ్డం అయిదు, నిలువు అయిదు పుల్లలు అనుకోండి. అవి ఒకదాన్నొకటి దాటే చోట్లు ఇరవై అయిదు. ప్రతి చోటా పై పుల్ల అడుగున సగం మందం, కింది పుల్ల మీద సగం మందం గాడి తీస్తే రెండూ ఒకదానిలో ఒకటి దిగి ఒకే మట్టానికి వస్తాయి. అంటే యాభై గాళ్లు. ఒక్కొక్కటీ విడిగా కొలిచి కోస్తే వెంట్రుకవాసి తేడాలు పోగుపడి చివరికి చట్రం ఓ మూలకి లాగుతుంది. దీనికి ఆచారిగారు చెప్పే కిటుకు ఒకటే: కొలవడం తగ్గించు. అయిదు పుల్లల్నీ పక్కపక్కన పేర్చి బిగించి, ఒకేసారి గీత గీసి, రంపంతో అన్నిటి మీదుగా ఒకే కోత. రెండో అయిదూ అలాగే. గాడి వెడల్పు చూసుకోవడానికి స్కేలు వద్దు, పుల్లనే నిలబెట్టి గీసుకోవాలి. రంపం గీతకి లోపలి వైపు ఉండాలి. మిగిలిన సన్న పొరని ఉలితో తీసి, పుల్ల చేత్తో నొక్కితే బిగువుగా దిగేదాకా ఆపాలి. సుత్తి అవసరమైతే గాడి ఇరుకైనట్టు, దానంతటది జారితే పని చెడినట్టు.

మామిడాకులు, వెలగకాయలు, జామకాయలు, మొక్కజొన్న పొత్తులు కట్టినా ఆ చట్రం కుంగదు. పండగ వెళ్లాక పసుపు బొట్లతో సహా అటకెక్కి మళ్లీ ఏడాదికి దిగుతుంది.

ఈ డెల్టా గాలికి కూడా లెక్క ఉంది. వేసవిలో సులువుగా పడే తలుపు వానాకాలంలో గుమ్మానికి బిగుసుకుపోవడం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. చెక్క తేమ పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది. పొడవులో దాదాపు కదలదు. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వెడల్పులో సుమారు 6 శాతం దాకా తగ్గే వీలుంది. కదలిక తక్కువని పేరున్న టేకే అంత కదిలితే మిగతా వాటి సంగతి చెప్పేదేముంది. పాత తలుపుల్లో నడిమి పలకని చట్రానికి అంటించకుండా గాడిలో వదులుగా నిలిపేది అందుకే. పలక ఉబ్బినా కుంచించుకుపోయినా చట్రం పగలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఫెవికాల్ ధారాళంగా పోసి పలకని నాలుగు వైపులా అంటించేస్తారు. మరుసటి ఎండాకాలానికి పలక నిలువునా చీలుతుంది.

ఇంట్లోవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ రెండే, పొట్టు, చప్పుడు. మధ్యాహ్నం కునుకు వేళ కటింగ్ మిషన్ మోగితే పక్కింటివాళ్లకీ పంచాయితీయే. అందుకని రెండు నుంచి నాలుగు దాకా ఉలి, ఉప్పుకాగితం పనులు పెట్టుకుంటారు. పొట్టు సంగతి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనిషికి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. సన్నని ధూళి లేపే రుద్దుడు పనికి మూతికి మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

పెడన దారిలో

ఒక్కోసారి ఆదివారం ప్రయాణం బందరు పక్కనున్న పెడన దాకా సాగుతుంది. మచిలీపట్నం కలంకారీకి అచ్చులు చెక్కే పని ఈ ప్రాంతంలో ఇంకా బతికుంది. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, ఇక్కడిది చెక్క అచ్చులతో అద్దేది. ఒక పువ్వులో మూడు రంగులుంటే మూడు అచ్చులు కావాలి. మూడూ ఒకదాని మీద ఒకటి గీత తప్పకుండా పడాలి. టేకు పలకని నున్నగా అరగదీసి, దాని మీద నమూనా వేసి, గీతకి రెండు పక్కలా చెక్క తీసేస్తూ వస్తారు. మిగిలేది గోరంత సన్నని అంచు. అది నిలవాలి, రంగు మోయాలి, వేలసార్లు బట్ట మీద పడాలి. పైగా బొమ్మ తిరగేసి చెక్కాలి. మనం చూసే చిలక కుడికి తిరగాలంటే అచ్చులో ఎడమకి తిరిగి ఉండాలి.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో కోఠీ పెట్టడానికి పెద్ద కారణం ఈ తీరపు బట్టలే. ఆ వ్యాపారం వెనక ఉన్న అచ్చు చెక్కేవాడి పేరు చరిత్ర పుస్తకాల్లో లేదు. పాలవెల్లి గాడి సరిగ్గా వచ్చిందని మురిసిన మనిషి ఇక్కడికొచ్చి ఆ అంచు చూస్తే తన పని ఎక్కడుందో అతనికే తెలుస్తుంది.

చదువుకున్నవాడు పనిముట్టు పట్టడం అన్న ఆలోచన కూడా బందరుకి కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో అక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. గుమాస్తాల్ని తయారుచేసే చదువు మీద అలిగి పుట్టిన విద్యాలయం అది. పుస్తకంతో పాటు చేతిపనికీ, చిత్రకళకీ చోటిచ్చింది. ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు ప్రిన్సిపాలుగా పనిచేశారు. గాంధీజీ 1937లో వార్ధా సభలో చేతిపనినే చదువుకి ఇరుసుగా పెట్టాలనడానికి చాలా ముందే బందరు ఆ ప్రయోగం చేసింది. అంతకుముందే ఫిన్లాండు, స్వీడన్ దేశాలు కొయ్యపనిని బడి పాఠంగా పెట్టాయి. పిల్లల్ని వడ్రంగులుగా మార్చడం వాళ్ల ఉద్దేశం కాదు. కన్నూ చెయ్యీ కలిసి పనిచేయడం, తప్పు తనకే కనపడటం, మొదలెట్టింది ముగించడం నేర్పాలనుకున్నారు. ఇక్కడి సెలవు రోజు వడ్రంగి అదంతా అరవయ్యో ఏట నేర్చుకుంటున్నాడు.

మొదలుపెట్టేవాళ్లకి

• పనిముట్లు కొద్దిగానే: పావు, అర, ముప్పావు అంగుళాల ఉలులు మూడు, సన్నపళ్ల చేతిరంపం, చిన్న తోపడా, మూలమట్టం, పదునురాయి, రెండు బిగింపులు. మిషన్లు ఆ తర్వాత.

• మొదటి పని పీట. రెండు అడ్డచెక్కలు, మీద పలక. కుదరకపోతే పొయ్యిలో పెట్టినా బాధ లేదు.

• కోసిన చెక్క గాలికి ఆరాలంటే అంగుళం మందానికి ఏడాది పడుతుందని మోటు లెక్క. నీడలో, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చాలి.

• చిన్న సందులకి రంపపు పొట్టూ జిగురూ కలిపిన మక్కు చాలు. కొండపల్లి బొమ్మల కళాకారులు చింతగింజల పొడి, పొట్టు కలిపిన మక్కుతోనే తెల్లపొణికి ముక్కలు అతుకుతారు.

• పెద్ద మిషన్ల మీద నేర్చుకోవాలంటే హైదరాబాదులో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో కొయ్యపని విభాగం ఉంది.

కొట్టు మారింది

ఒకప్పుడు ఊరి వడ్రంగికి రైతు మేర కొలిచేవాడు. ఏడాది పొడుగునా నాగలి, కాడి, గొర్రు, బండి చక్రం బాగుచేసినందుకు కోతల వేళ ధాన్యంలో వాటా అది. ట్రాక్టరు వచ్చాక ఆ పని పోయింది. ఇల్లు కట్టేవాళ్ల తలుపులూ కిటికీలూ మిగిలాయి. ఇప్పుడు వాటిలోనూ రెడీమేడ్ తలుపులు, యూపీవీసీ కిటికీలు దిగుతున్నాయి. కొట్టులో రోజువారీ పని వంటింటి కప్‌బోర్డులు, టీవీ యూనిట్లు. అంటే ప్లైవుడ్ కోసి, లామినేట్ అంటించి, స్క్రూ బిగించడం. ఆ పనికి కూలి బాగానే దొరుకుతుంది, తొందరగానూ అవుతుంది. దాన్ని తప్పుపట్టడానికి మనమెవరం? పొట్ట నింపేది అదే.

కానీ ప్లైవుడ్‌కి నార వాటం చూడక్కర్లేదు, గాడి అతుకు అక్కర్లేదు. ఆచారిగారి చేతిలో ఉన్న సగం విద్యకి కొట్టులో గిరాకీ లేదు. ఆయన కొడుకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసుండొచ్చు, విజయవాడలో ఉద్యోగంలో ఉండొచ్చు. ఇక ఆ విద్య అడుగుతున్నది ఎవరయ్యా అంటే ఆదివారం పూట స్కూటర్ మీద వచ్చే ఈ మాస్టార్లూ మేనేజర్లే. వాళ్లకి డబ్బు తొందర లేదు కనక గాడి అతుకు కోసం రెండు గంటలు కూర్చోగలరు. వృత్తికి కుదరని తీరిక వ్యాపకానికి కుదిరింది.

దీన్ని మరీ గొప్ప చేసి చెప్పుకోనక్కర్లేదు. వారానికోసారి చేసే చెయ్యి, రోజూ చేసే చేతికి సాటి రాదు. తరాలుగా ఒక కులం వాళ్లు ఎండలో కూర్చుని బతుకుదెరువుగా చేసిన పనిని, పింఛను వచ్చేవాళ్లు నీడలో సరదాగా చేస్తే అది వారసత్వం అయిపోదు. ‘మీకు ఆటండీ, మాకు కూడండీ’ అనే మాట కొట్టులో నవ్వుతూనే వినిపిస్తుంది, అందులో నిజం ఉంది.

అందుకే చివరికి తేలేది కూలి లెక్క. ఆచారిగారు పాఠం చెప్పిన రెండు గంటలు ఆయన పని ఆగుతుంది. చాలామంది శిష్యులు ఓ టీ ఇప్పించి సరిపెడతారు, ఇంకొందరు పండక్కి బట్టలు పెడతారు. మర్యాద బాగానే ఉంది కానీ, సంగీతం మాస్టారికి నెలనెలా ఫీజు ఇచ్చే ఇళ్లలోంచి వచ్చినవాళ్లు కొయ్యపని గురువుకి ఎందుకు ఇవ్వరు? గంటకి ఇంత అని పెట్టి, నలుగురైదుగురు కలిసి ఆదివారం పొద్దుట ఒక కొట్టుని మాట్లాడుకుంటే ఆయనకి ప్లైవుడ్ కూలికి సమానంగా గిట్టుతుంది. అలా గిట్టిన రోజున గాడి అతుకు తెలిసిన మనిషి దాన్ని నేర్పడానికి సిగ్గుపడడు, ఆయన కొడుకు దాన్ని పనికిరాని విద్య అనుకోడు. పామర్రు ఆదివారాలకి సంఘమూ బోర్డూ లేకపోయినా నడుస్తుంది. గురువుకి దక్కాల్సింది మాత్రం టీ దగ్గర ఆగకూడదు.